ఐసు పెట్టెలో పంపిన మజ్జ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేకపోవడమే కాదు, నమ్మేవాళ్లతో గొడవ పెట్టుకునే రకం నేను. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం నాది. ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో కారణం తేల్చాలి. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు థర్మామీటరు తెమ్మంటాను. అందుకే ఇది రాయడానికి చాలాకాలం వెనకాడాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న పల్లె. నా భార్య సెల్విది కూడా అదే ఊరు. వాళ్ల నాయన, అంటే మా మామ, రొయ్యలు కొని ఐసు పెట్టెల్లో సర్ది చెన్నై మార్కెట్టుకు పంపుతాడు. ఆయన సర్దిన పెట్టె దారిలో చెడిపోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ సంగతి అడిగినా అడక్కపోయినా ఆయనే చెబుతుంటాడు.

పోయిన ఏడాది ఎండాకాలంలో సెల్వి కాళ్ల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు లేచాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగేది కాదు. రక్తపరీక్ష చేసినవాళ్లు వెంటనే తిరుపతికి పొమ్మన్నారు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, రక్త క్యాన్సర్ అనీ, త్వరగా ముదిరే రకమనీ చెప్పింది.

అందులోనూ రకాలున్నాయట. ఎముకలోని మజ్జ తీసి జన్యువులు చూడాలి. ఫలానా రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మాత్రలతో, ఒక సూదిమందుతో చాలామందికి నయమవుతుంది. అలా లేకపోతే గట్టి కీమో ఇవ్వాలి, అప్పుడు ఏ హామీ ఇవ్వలేనంది. మొదటి రకమేనన్న అనుమానంతో మాత్రలు అప్పుడే మొదలుపెట్టారు. కానీ తర్వాతి వైద్యం ఏదన్నది ఆ పరీక్షే తేల్చాలి.

నడుము దగ్గర ఎముకలో సూది దించి మజ్జ తీస్తుంటే సెల్వి అరుపు వరండా చివరిదాకా వినిపించింది. సూది గుచ్చిన చోట రక్తం ఆగడానికే చాలాసేపు పట్టింది. ఇంకోసారి తీయాల్సి వస్తే ఏమవుతుందోనని నాకు భయమేసింది.

పరీక్ష చేసేది చెన్నైలో. సీసాలు తీసుకెళ్లే బండి ఆ ఉదయం అప్పటికే వెళ్లిపోయింది, మర్నాడు ఆదివారం. మీరే తీసుకెళ్తే సాయంత్రంలోగా అందుతుందన్నారు. నర్సు రెండు చిన్న సీసాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పక్కన చల్లటి జెల్ సంచి ఒకటి పెట్టి, చల్లగా ఉంచమని చెప్పి వెళ్లిపోయింది.

మాతో ఆసుపత్రికి వచ్చిన మామ ఆ జెల్ సంచిని నొక్కి చూసి పెదవి విరిచాడు. "ఈ నీళ్ల సంచి పుత్తూరు దాకా గూడా నిలవదు అల్లుడా. సల్లగా పంపించేది గూడా నాకు నేర్పించాల్నా?"

చేపల మార్కెట్టుకు పోయి థర్మాకోల్ పెట్టె, నలగ్గొట్టిన ఐసు, రాళ్లుప్పు తెచ్చాడు. ఎండలో దూరం పోయే సరుకైతే ఐసులో ఉప్పు కలపడం ఆయన పద్ధతి. ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని సగం ఐసు పోశాడు, కవరు పెట్టాడు, మిగతా ఐసు దాని మీద పోశాడు. పైన తడి గోనెపట్ట పరిచి, మూతపెట్టి, చుట్టూ టేపు వేశాడు. టేపు కొస పట్టుకున్నది నేనే. నా కళ్లతో చూశాను. బిడ్డ ప్రాణం అందులో ఉన్నట్టు పెట్టెను రెండు చేతులతో అందించాడాయన.

రైల్లో దారి పొడవునా పెట్టె నా ఒళ్లోనే ఉంది. కునుకు తీయలేదు, బాత్రూముకు కూడా లేవలేదు.

ల్యాబులో ఉన్న అమ్మాయి పెట్టెను చూస్తూనే ముఖం చిట్లించింది. ఐసు తగిలేలా పెట్టారా అని తమిళంలో అడిగింది. ఐసూ ఉప్పూ అని గర్వంగానే చెప్పాను. ఉప్పు కలిస్తే మామూలు ఐసు కంటే చల్లబడుతుందనీ, మజ్జ గడ్డకట్టి కణాలు పగిలిపోతాయనీ, ఇక పరీక్షకు పనికిరాదనీ ఆమె చెప్పింది. సెల్వి అరుపు మళ్లీ చెవుల్లో మోగింది.

ఆమె టేపు కోసింది. టేపు వేసింది వేసినట్టే ఉంది. మూత తీస్తే గోనెపట్ట, దాని మీద కవరు. లోపల రెండు సీసాలూ బాగున్నాయి. ఆమె ఒక సీసాను వంచి చూసింది. మజ్జ పల్చగా అటూ ఇటూ కదిలింది. ఇలా గోనె మీద పెట్టామని ముందే చెప్పొచ్చు కదా అని నన్ను కసిరి, సీసాలు లోపలికి తీసుకెళ్లింది. నేను గోనె ఎత్తి చూశాను. కింద ఐసు మధ్యలో కవరంత గుంట ఉంది.

మామకు వెంటనే ఫోన్ చేశాను. "ఐసు నడిమద్దిన్నే గదప్పా పెట్టినా. నువ్వు సూస్తానే ఉన్నావు గదా" అన్నాడు. మిగతాది ఆయనకు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రికే తిరుపతి చేరాను. పెట్టె సంగతి సెల్వికి ఎవరూ చెప్పలేదు. సర్దింది బయట, ఆమె ఉన్నది లోపల వార్డులో. నేను నోరు తెరవకముందే ఆమే మొదలుపెట్టింది.

"పొద్దున నన్ను ఐసులో యేసి మూత పెట్టేసినారు. ఊపిరాడలా. మళ్లా ఎవురో ఎత్తి గోనె మీద పండబెట్టినారు. ఈపంతా గరగరలాడింది."

నర్సును అడిగితే, ఆ ఉదయం రక్తం ఎక్కిస్తుండగా సెల్వికి విపరీతమైన చలి వచ్చిందనీ, కొందరికి అలా వస్తుందనీ, కాసేపటికి తగ్గిందనీ చెప్పింది. సరే, ఒప్పుకుంటాను. సెల్వి ఐసు పెట్టెల మధ్య పెరిగిన పిల్ల. ఆ చలిలో ఐసూ గోనే కలలోకి రావడం వింత కాదు. కానీ టేపు తెగని పెట్టెలో, గోనె కింద పెట్టిన కవరు గోనె పైకి ఎలా వచ్చింది? ఫ్యాక్టరీలో నాతో పనిచేసేవాళ్లను అడిగాను. మామ మనసు మార్చుకుని పైన పెట్టి ఉంటాడన్నారు. నేను చూస్తూ ఉన్నానని చెబితే నవ్వి ఊరుకున్నారు.

పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కోరుకున్న రకమే. గట్టి కీమో అక్కర్లేకపోయింది. నెలల తరబడి తిరుపతికి తిరిగాం. ఇప్పుడు జబ్బు ఆనవాళ్లు కనిపించడం లేదంటున్నారు.

సెల్వి ఇంటికొచ్చాక ఒకరోజు ల్యాబులో ఆ అమ్మాయి చెప్పింది మామకు చెప్పేశాను. "నా బిడ్డను నేనే సంపుకునేవాణ్ణి గదప్పా" అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సెల్వికి మాత్రం ఈ విచారణంతా విసుగు. నిన్నగాక మొన్న, ఎత్తినవాళ్ల ముఖం చూశావా అని మళ్లీ అడిగాను. "ఎవురైతే నీకేం? ఎత్తినారు, నేనుండా. సాలదా?" అంది.

చాలు. నిజంగానే చాలు. కాకపోతే నా జన్మలో మొదటిసారి ఎవరికైనా దణ్ణం పెట్టుకోవాలని ఉంది. ఎవరికి పెట్టాలో ఇప్పటికీ తెలియడం లేదు.