మా అత్త తీసిన కొలత

మా అత్త పోయిందన్న కబురు నేను స్టాఫ్ రూములో నోటు పుస్తకాలు దిద్దుతుండగా వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, "వదినా, అమ్మ పోయింది. పొద్దున టీ తాగి అట్లనే మంచం మీదికి ఒరిగింది, అంతే" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో పోట్లాడుకున్నాం. ఆ పోట్లాటను సగంలో వదిలేసి పోయిందని ఒళ్ళు మండింది.

కర్మ రోజు బంధువులు వరసగా కూర్చుని "కోడల్ని కూతురు మాదిరి చూసుకునింది మహాతల్లి" అంటుంటే లేచి బయటికొచ్చేశాను. అబద్ధం. ఆమె నన్ను కూతురనుకోలేదు, నేనామెను తల్లి అనుకోలేదు. ఆ మాట ఆమె చెవిన పడి ఉంటే "ఎవురు మే చూసుకునింది?" అని ముందు ఆమే లేచేది. అందుకే ఇది రాస్తున్నాను. లేని మంచితనం అంటగట్టి ఆమెను సాగనంపడం నాకిష్టం లేదు.

మామ మగ్గం నేసేవాడు, ఆమె జాకెట్లు కుట్టేది. ఆయన పోయాక కల్లూరులో మా ఇంటికొచ్చి, ముందు గదిలో మిషను వేసుకుంది. గేటు తీసుకొని వచ్చే మనిషిని చూసి కొలత చెప్పేసేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకొని, వాటి సందులోంచే తిట్టేది. "నీకు ముప్పైనాలుగు యాడుండాది? నీ పాత రైక అబద్ధం చెప్తాంది" అని మొహం మీదే అనేది. అయినా ఆడవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె కుట్టింది భుజం మీంచి జారదు, చంకలో పట్టదు.

నా పెళ్ళి జాకెట్టు కూడా ఆమే కుట్టింది. కొలతలు తీసి, గది నిండా ఉన్న ఆడవాళ్ళ ముందు, "ఈ పిల్లకు రైక కుట్టాలంటే చేతిరుమాలు చాలు" అంది. అందరూ నవ్వారు. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కాలేజీలో నన్ను 'పలక' అనేవాళ్ళు. ఆ పేరు వదిలిందనుకుంటే అత్తగారింట్లో చేతిరుమాలు తగులుకుంది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు, ఇప్పుడూ క్షమించలేదు.

బిడ్డ పాలు మానేశాక ఉన్నది కూడా తగ్గిపోయింది. ముప్పైమూడో ఏట ఎదకు ఇంప్లాంట్లు పెట్టించుకోవాలని నిర్ణయించుకున్నాను. ఎవరో చెప్పి కాదు, అద్దం ముందు నిలబడితే నాకే కావాలనిపించింది. మా ఆయనకు చెబితే నాకంటే ఆయనకే సంబరం ఎక్కువైంది. మర్నాటి నుంచి ఫోన్లో బొమ్మలు చూపించి "ఇట్లా ఉండాల" అనడం మొదలుపెట్టాడు.

అత్తకు తెలిసింది.

"ఏం మే, ఒళ్ళు కోయించుకుంటాండావంట?"

"అవును."

"సిగ్గు లేదా?"

"చేతిరుమాలు అన్న రోజు నీకుండిందా అత్తా?"

మూడు వారాలు మాటల్లేవు. గిన్నెల చప్పుడే మాట్లాడేది.

మేమిద్దరం కర్నూల్లో డాక్టరు దగ్గరికి పోయే రోజు, పిలవకుండానే వచ్చి ఆటోలో కూర్చుంది. యాడికని అడిగితే, "నీ కోసమేం కాదు. నా కొడుకును నమ్మేది లేదు" అంది.

డాక్టరు కుర్రాడే. లోపలి గదిలో నర్సు పక్కన ఉండగా నా ఎద వెడల్పు కొలిచాడు. చర్మం కింద కండ ఎంతుందో వేళ్ళతో పట్టి చూశాడు. బయటికొచ్చాక రెండు నమూనాలు బల్ల మీద పెట్టాడు. మా ఆయన చూడగానే పెద్దది అందుకున్నాడు.

"ఇదే పెట్టండి సార్."

"పెట్టొచ్చు. మొదట చిన్నది పెట్టించుకున్నవాళ్ళు చాలామంది, ఇంకొంచెం పెద్దదైతే బాగుండేదంటారు" అన్నాడు డాక్టరు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. బల్లకు ఇటుపక్క నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

అత్త చేతిసంచిలోంచి టేపు తీసింది. మా ఆయన చేతిలోది లాక్కొని, తిప్పి, దాని అడుగు వెడల్పు కొలిచింది.

"ఏమప్పా డాక్టరూ, పిల్ల ఎద ఎడల్పు ఎంత రాసినావు?"

"పదకొండు సెంటీమీటర్లమ్మా."

"ఇది పన్నెండున్నర ఉండాది. మిగిల్నేది యాడికి పోతాది? చంకలోకా?"

డాక్టరు కుర్చీలో సర్దుకున్నాడు. "కొంచెం పక్కకు వస్తుంది. చర్మం సాగుతుంది. సన్నటి మనిషి కాబట్టి అంచు చేతికి తగలొచ్చు, కంటికి కనపడొచ్చు కూడా" అన్నాడు. ఆ మాట అంతసేపూ ఆయన దగ్గరే ఉంది, అడిగేదాకా బయటికి రాలేదు.

"బట్ట లేని చోట పెద్ద కప్పు కుడితే రైకే చినుగుతాది. ఇది ఒళ్ళప్పా" అంది అత్త.

"అమ్మా, నీకేం తెలుసు, ఊరుకో" అన్నాడు మా ఆయన.

"నీకేం తెలుసురా? నీకంత మోజైతే నీ ఎదకు పెట్టించుకో."

నర్సు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. నాకు నవ్వు రాలేదు. నా ఒంటి గురించి ముగ్గురు వాదించుకుంటున్నారు, అందులో ఒకామెకూ నాకూ పగ.

ఇంటికొచ్చాక ఆమె గుడ్డతో నాలుగు చిన్న సంచులు కుట్టింది. డాక్టరు చెప్పిన బరువులకు బియ్యం తూచి పోసి, రెండు పెద్దవి, రెండు చిన్నవి నా ముందు పడేసింది. "రైక లోపల పెట్టుకొని తిరుగు. మొగుడు చెప్పినాడని మోస్తావో, నీకు కావాలని మోస్తావో తేల్చుకో."

పంతానికి పెద్దవే పెట్టుకున్నాను. వాటితోనే మూడో అంతస్తు తరగతికి ఎక్కాను, బోర్డు మీద లెక్కలు చేశాను, బట్టలు ఉతికాను. మూడో రోజుకు మెడ పట్టేసింది, భుజాల మీద పట్టీలు కోసుకున్నాయి. ఆమె చూసి ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇంకో వారం మోసేదాన్ని. నాలుగో రోజు చిన్నవి పెట్టుకున్నాను. సాయంత్రానికి అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయి, అద్దం దగ్గర ఆగిపోయాను. నేను నా మాదిరే ఉన్నాను. ఇంకాస్త నిండుగా, అంతే.

చిన్నదే పెట్టించుకుంటానని మా ఆయనకు చెప్పాను. "మరి ఇదంతా ఎందుకు?" అన్నాడు. "నాకు" అన్నాను. పది రోజులు ముఖం మాడ్చుకొని తిరిగాడు. తిరగనీ అనుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళు చేతులు పైకెత్తకూడదన్నారు. నా జడ అత్తే వేసింది, తల ఊడివచ్చేటట్టు లాగి లాగి. "నొప్పి" అంటే "కోయించుకునేటప్పుడు లేదా?" అనేది. వాపు తగ్గాక కొత్త జాకెట్టు కుట్టి, తొడిగించి, నాలుగు దిక్కులా తిప్పి చూసింది. "ఇప్పుడు కుట్టు సరిగ్గా కూర్చునింది" అంది. ఆమె నోట అంతకంటే మెప్పు నేనెప్పుడూ వినలేదు. ఆ ధైర్యంతోనే చేతిరుమాలు మాట ఎత్తాను. "నేనట్లా అన్లేదే" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. కచ్చితంగా అంది. పదిమంది విన్నారు. కానీ ఆ రోజు డాక్టరు గదిలో ఆమె లేకపోతే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. ఆ రెంటిలో ఏదీ రెండోదాన్ని చెరపదు.

రెండు నెలల కింద కూతురి దగ్గరికి పోతానంటే కర్నూలు బస్టాండులో బస్సెక్కించాను. బీపీ మాత్రలు బల్ల మీదే వదిలేసి వచ్చింది. నేను వెంట తెచ్చి కిటికీలోంచి అందిస్తే, "నువ్వు మింగు, నీకే కోపమెక్కువ" అంది. ఒడిలో పడేశాను. బస్సు కదిలేముందు నా మొహం మీదే అద్దం మూయబోయింది. అది సగంలో ఇరుక్కుపోయింది. ఎంత తోసినా కదల్లేదు. ఆ సందులోంచి ఆమె మొహం కనపడలేదు, గుండుసూదులు గుచ్చుకొని గరుకెక్కిన వేళ్ళు మాత్రం బయటికొచ్చాయి. కోళ్ళను తోలినట్టు, ఎండలో నిలబడకుండా పో పొమ్మని ఊపుతూ, బస్సు మలుపు తిరిగేదాకా.