జలాశయానికి దారి ఎటు?

ఆ రోజుల్లో, అంటే హైదరాబాదులో ఓ చిన్న ఆఫీసులో కొత్తగా కుదిరిన రోజుల్లో, శుక్రవారం సాయంత్రం వస్తే నాకు గుబులుగా ఉండేది. చాయ్ రాగానే "ఈ ఆదివారం ఎటు?" అనే చర్చ మొదలయ్యేది. పొద్దున పోయి రాత్రికి తిరిగి రాగలిగిన కోటలు, కొండలు, జలపాతాలు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చేవి. మా కామారెడ్డిలో పెళ్ళికో, చావుకో, దవాఖానకో, జాతరకో ఊరు దాటేవాళ్ళే తప్ప, ఊరికే చూసి రావడానికి పోయిన మనిషిని నేనెరగను. అయినా ఆ కారులో నాకూ ఒక సీటు ఉంటే బాగుండునని మహా కోరికగా ఉండేది. అడిగే ధైర్యం లేదు. చేరిన కొత్తలో ఒకసారి "నేను నిన్ననే వచ్చిన" అన్నందుకు మా సీనియర్ "వచ్చిన ఏంటి? వచ్చాను అనాలి" అని అందరి ముందూ దిద్దాడు. (అతన్ని అందరూ మ్యాప్ అన్న అనేవాళ్ళు. ఫోనులో దారి చూడనిదే క్యాంటీనుకైనా పోడని ప్రతీతి.) ఆ రోజు నుంచి నేను పుస్తకాల తెలుగులోకి మారిపోయాను. చదువు మధ్యలో ఆగినా మా ఊరి గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు నమిలినవాణ్ణి, నాకు మాటలకేం కొదవ? "తిన్నావా?" అని అడిగితే "ఇప్పుడే భోజనం ముగించాను" అనేవాణ్ణి. అంత చక్కగా మాట్లాడినా సీటు మాత్రం రాలేదు.

ఒక చలికాలం, చుట్టుపక్కల చూడాల్సినవన్నీ అయిపోయాక, "మీది కామారెడ్డి కదా, అటువైపు ఏమైనా ఉందా?" అని చిప్స్ అక్క అడిగింది. (ఆమె బ్యాగులో ఏముంటాయో పేరే చెబుతుంది.) "పోచారం జలాశయం ఉంది. పక్కనే అభయారణ్యం. జింకలు, దూరదేశపు పక్షులు..." అని మొదలుపెట్టాను. అదంతా గ్రంథాలయంలో చదివిందే, నేను కంటితో చూసింది లేదు. చూశావా అని వాళ్ళూ అడగలేదు. "సరే, ఈసారి ప్లాను నీది. బాగుంటే వచ్చే నెల పెద్ద టూరుకు నువ్వూ వద్దువుగాని" అన్నాడు మ్యాప్ అన్న.

నా ప్లాను మీద నమ్మకం కుదరక మిగతావాళ్ళు మానేశారు, ముగ్గురమే బయల్దేరాం. మెదక్ మీదుగా దగ్గరని మ్యాప్ అన్న మొత్తుకున్నా, మా ఊరు చూపించాలన్న మోజుతో కామారెడ్డి మీదుగా తిప్పాను. ఎల్లారెడ్డి దాకా వెనక సీట్లోంచి నా ఉపన్యాసం సాగింది. ఎల్లారెడ్డి దాటి ఏదో మలుపు తిరిగాక సిగ్నల్ పోయింది. మ్యాప్ అన్న కారు ఆపి ఫోనును ఆకాశానికి చూపించాడు, ఆకాశం కరుణించలేదు. "దిగి అడుగు, మీ దిక్కే కదా" అన్నాడు. రోడ్డు పక్క అరుగు మీద ఒక ముసలమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను గొంతు సవరించుకుని, "అమ్మా, జలాశయానికి దారి ఎటు?" అన్నాను.

"ఏందయ్యా?"

"జలాశయం."

"ఆఁ, శివాలయమా! గిట్ల పోయి చింతచెట్టు కాడ మలుగుండ్రి. అయ్యగారు గుడిలనే ఉంటడు."

జలాశయం ఉన్నచోట శివాలయం ఉండటం సహజమేనని సర్దిచెప్పుకున్నాను. (చదువుకున్నవాడు సర్దిచెప్పుకోలేనిది ఏదీ ఉండదు.) పట్నం కారు చూసి అయ్యగారు ఉబ్బితబ్బిబ్బైపోయాడు. వరసగా కూర్చోబెట్టి గోత్రాలు అడిగాడు. మ్యాప్ అన్నకు తన గోత్రం తెలియదు, ఇంటికి ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. అర్చన, హారతి, తీర్థం అన్నీ అయ్యాక బయటికొచ్చి చుట్టూ చూస్తే నీటిచుక్క లేదు. "జింకలేవి?" అన్నాడు మ్యాప్ అన్న. చిప్స్ అక్క నంది వీపు నిమిరి, "ఇది జింకల్లో పెద్ద రకమనుకుంటా" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. పెద్ద టూరు సీటు నా కళ్ళముందే దూరమైపోతోంది.

తిరిగి అదే అరుగు దగ్గరికి వచ్చాం. "దర్శనమైందా బిడ్డా?" అంది ముసలమ్మ. అంతే, నాలో ఏదో తెగింది. "దర్శనం గాదే అవ్వా! మేమడిగింది గుడి గాదు, నీళ్ళు! పోచారం కట్ట, ప్రాజెక్టు!"

"ప్రాజెక్టా? గట్ల చెప్పరాదు! టీవీల వార్తలు చదివెటోని లెక్క అడిగితివి, నాకెట్ల సమజైతది? ఏ ఊరు మీది?"

"నాది కామారెడ్డే అవ్వా."

"ఓయమ్మ! మన దిక్కు పిలగానివే ఉండి గవేం మాటలురా! ప్రాజెక్టు కాడ ఎవలున్నరు మీకు?"

"ఎవలు లేరు. నీళ్ళు చూసి పోతం."

"ఎందుకు, పట్నంల నల్లాల నీళ్ళు వస్తలేవా?"

చిప్స్ అక్క నవ్వాపుకోలేక, "నువ్వెప్పుడూ చూళ్ళేదా అవ్వా?" అని అడిగింది. "మెదక్ పోయినప్పుడల్ల బస్సు కిటికీల కెళ్ళి కనబడ్డదే. ఎన్నడు దిగలే. దిగి ఏం జెయ్యాలె?" అంది అవ్వ. "అయితే ఇవాళ దిగుదువుగాని, దారి చూపించు రా" అంది అక్క. అవ్వ చాటను చూసింది, కారును చూసింది. "ఓ కోడలా, గీ చాట లోపట పెట్టు, జర పోయొస్త" అని కేకేసి ముందు సీట్లో ఎక్కింది.

జింకలు కనబడలేదు. నీళ్ళు మాత్రం చూసినంత దూరం ఉన్నాయి, గాలికి చిన్న చిన్న అలలు కట్టను తాకుతున్నాయి. దూరంగా బాతుల గుంపు ఒకటి తేలుతోంది. "గవేం పిట్టలు?" అని అవ్వ నన్నే అడిగింది. "తల మీద నల్ల గీతలుండె బాతులవ్వా గవి" అన్నాను. (నిజంగా అవేనో కాదో, అంత దూరంలో గీతలెవరికి కనబడతాయి!) "వాటి దేశంల చలికి తిండి దొరకదని మంచు కొండలు దాటుకుంట వస్తయి" అన్నాను. గ్రంథాలయంలో చదివిన సంగతి నా సొంత మాటలో బయటికి రావడం అదే మొదలు.

"గంత దూరం కెళ్ళి ఎవలింటికొస్తయి?"

"ఎవలింటికి గాదవ్వా, నీళ్ళకే."

"అయితే మీ లెక్కనే, పనిలేనివి" అంది, కొంగు కప్పుకుని కట్ట మీద కూర్చుంటూ. చాలాసేపటికి మ్యాప్ అన్న పోదామన్నాడు. "ఉండు బిడ్డా, గా నల్ల పిట్ట మునిగింది, యాడ లేస్తదో సూద్దాం" అంది అవ్వ. ముగ్గురం ఆమె పక్కనే కూర్చుని ఆ పిట్ట కోసం చూశాం.

ఆమెను ఇంటి దగ్గర దింపి వస్తుంటే, "అవ్వతో మాట్లాడినట్టు మాతో ఎందుకు మాట్లాడవు?" అన్నాడు మ్యాప్ అన్న. "నువ్వే గదన్నా దిద్దింది" అన్నాను. అతను గేరు మార్చి, "టూరుకు బట్టలు సర్దుకో" అన్నాడు.

ఆ టూరులో మొదటిసారి సముద్రం చూశాను. దాని మీద నేను చదివింది తక్కువేం కాదు. "ఏమైనా చెప్పవయ్యా" అని మ్యాప్ అన్న అడిగితే, "ఏం లేదన్నా, జర సూడనియ్యి" అన్నానట. నాకు గుర్తులేదు, చిప్స్ అక్క ఇప్పటికీ చెబుతుంది. దారిలో చిన్న కుంట కనబడ్డా మా పిల్లలను నిలబెట్టి అరగంట చెప్పే మనిషినయ్యాను ఇప్పుడు. నోరు మూసుకుని నీళ్ళను చూస్తూ నిలబడ్డ ఆనాటి ఆ పిలగాడంటే నాకు కొంచెం ఈర్ష్య.