ఈస్టర్ పొద్దున మొయినాబాద్ మీద

మేం బాపు అని పిలిచే నాన్న పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ అది. ఆ రోజు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి, మనవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేయడం మా ఊళ్లో ఆనవాయితీ. మా ఊరు చేవెళ్ల దాటాక ఉంటుంది. నిజామాబాద్ నుంచి భార్యతో బయలుదేరిన నేను మొయినాబాద్‌లోనే ఆగిపోయాను. ఆ మట్టి ముందు నిలబడే ధైర్యం లేక, సెలవు దొరకలేదని అన్నకు ఫోన్‌లో అబద్ధం చెప్పాను. దిగిన రిసార్టులో పొద్దున్నే వేడిగాలి బెలూన్ ఎక్కిస్తారని తెలిసి, దానికి ఒప్పుకున్నాను.

చీకటి విడుతుండగా బుట్టలోకి ఎక్కాం. నెత్తి మీద మంట భగ్గుమంది. కాళ్ల కింద నేల ఎప్పుడు వదిలిందో తెలియలేదు. గాలి ఎటు తీసుకుపోతే అటే పోతామని పైలట్ చెప్పాడు. పూలతోటలు, ఫామ్‌హౌస్‌ల గోడలు, బీజాపూర్ రోడ్డు మీద లైట్లతో పోతున్న బస్సు కిందికి జారిపోయాయి. తూర్పు ఎర్రబడింది.

అప్పుడే నా భార్య నా చెయ్యి నొక్కి కిందికి చూపించింది. ఏదో ఊరి చివర సున్నం వేసిన సమాధులు, వాటి మధ్య కొవ్వొత్తులు. పాట సన్నగా పైకి వినిపిస్తోంది. పైలట్ మంట పెంచగానే ఆ చప్పుడుకు పాట ఆగిపోయింది. అందరూ తలలెత్తారు. నేను తల దించుకున్నాను.

ఆ పక్కనే దున్ని వదిలేసిన చేలో దిగాం. సమాధుల దగ్గరి జనం వచ్చారు. తెల్లచీర కట్టుకున్న ఒక అవ్వ నా దగ్గర ఆగింది.

"దెబ్బలేం తాకలేదు గద బిడ్డా?"

"లేదవ్వా. మీ ప్రార్థనకు అడ్డమొచ్చినం."

"గాలి తెచ్చిపడేస్తె మీరేం జేస్తరు? ఏ ఊరు మీది?"

చెప్పాను. బాపు సంగతి, ఆయన సమాధి దగ్గరికి పోకుండా ఆగిపోయిన సంగతి కూడా చెప్పేశాను. ఆమె నా మొహం కేసి కాసేపు చూసింది.

"మా ఆయన కాలం జేసిన యేడు నేను గూడ ఈడికి రాలే. రాకుంటె బాధ తక్కువైతదనుకున్న. కాలే బిడ్డా."

రిసార్టుకు తిరిగి వెళ్లలేదు. ఆటోలో చేవెళ్ల చేరి, బస్సు ఎక్కాక అన్నకు ఫోన్ చేసి నిజం చెప్పాను. అన్న "రా. నేనీడనే ఉంట" అన్నాడు.

మేం చేరేసరికి ఎండ ముదిరింది. అందరూ వెళ్లిపోయారు. బాపు సమాధి పక్కన అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కొంచెం జరిగి చోటిచ్చాడు. దవాఖానలో రాని ఏడుపు, మట్టి వేసిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మేం ఇంటికి నడిచేసరికి మధ్యాహ్నం దాటింది.