ట్యూషన్ ఫీజు మా అమ్మ

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఢిల్లీ కంటోన్మెంటులో పెరిగే పిల్లలకి భయమంటే ఏమిటో తెలియదని మాకు మేమే చెప్పుకునేవాళ్ళం. నాన్నలు సిపాయిలు, గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా, బడికి తీసుకెళ్ళడానికి పచ్చరంగు మిలిటరీ బస్సు. ఇంక దేనికి భయం? ఇన్నేళ్ళ తర్వాత, రోజూ ఇందిరాపురం నుంచి నోయిడా ఆఫీసుకి క్యాబులో కునికిపాట్లు పడుతూ వెళ్ళే ఈ వయసులో ఆలోచిస్తే, ఆ ధైర్యంలో ముప్పాతిక వంతు గేటు దగ్గర నిలబడ్డవాడిదే కానీ మాది కాదని తెలుస్తోంది. ఈ జ్ఞానం నాకు కలగడానికి మూలం ఒక లెక్కల టీచరు. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా లెక్కల గురించి చెప్పాలి. అదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదు, అయినా తప్పదు.

ఏడో తరగతిలో నా లెక్కల మార్కులు చూసి మా నాన్న అది నా రోల్ నంబరనుకున్నాడు. కాదని తెలిశాక ఇంకోసారి చూసి సంతకం పెట్టాడు. మర్నాడు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మా వెనక బ్లాకుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక సుబేదారు గారి భార్య, గుంటూరు వైపు ఆవిడ, బయట ఏదో బడిలో లెక్కలు చెబుతుందనీ, సాయంత్రాలు క్వార్టర్ల పిల్లలకి ఊరికే చెబుతుందనీ ఆయన విన్నాడు. ఆవిడ తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, "ఊరికే అని ఎవరు చెప్పారండీ? ఫీజుంది" అంది. నాన్న చెయ్యి జేబులోకి వెళ్ళింది. "డబ్బులు కాదు. ఈ పిల్ల వాళ్ళమ్మ. రోజూ పిల్లతోపాటు ఆవిణ్ణి కూడా పంపించాలి. ఫీజు రాని రోజు పాఠం లేదు." ఆర్డరు వినబడితే కారణం అడగడం మా నాన్నకి అలవాటు లేదు. మడమలు దగ్గరికి చేర్చి "జీ మేడమ్" అనేశాడు. ఇంట్లో అమ్మకి ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఆయనకి అంత ధైర్యం చాల్లేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బయటికి వెళుతూ చెప్పాడు.

మా అమ్మది శ్రీకాకుళం దాటి లోపలికి వెళితే ఒక పల్లె. ఢిల్లీ వచ్చి మూడేళ్ళయినా ఒంటరిగా గేటు దాటి ఎరగదు. కూరలు బండి మీద వచ్చేవి, వెచ్చాలు నాన్న మిలిటరీ క్యాంటీనులో తెచ్చేవాడు. ఆవిడకొచ్చిన హిందీ రెండే మాటలు, వద్దనడానికి "నై", చాలనడానికి "బస్". బండివాడితో బేరం ఆ రెంటితోనే నడిపేది, అదీ నెగ్గేది. బయటికి ఎందుకు రావమ్మా అంటే ఒకటే జవాబు. "బాస రాని ఊర్లో తప్పోతే ఎవుల్నడుగుతామే? నాను రానంటే రాను." ఆ ఇంటికీ గేటుకీ మధ్య ఉన్న కొంచెం నేలే మా అమ్మకి ఢిల్లీ.

అయినా నా రోల్ నంబరు మార్కుల పుణ్యమా అని ఫీజు కదిలింది. టీచర్ గారింట్లో వరండా లెక్కలు నేర్చుకునే పిల్లలది, ముందు గది హిందీ నేర్చుకునే తెలుగు అమ్మలది. ఆవిడ బడి నుంచి వచ్చి, టీ గ్లాసు చేత్తో పట్టుకునే మొదలుపెట్టేది. మొదటిరోజు హాజరు తీసుకుంటూ ఒక్కొక్క అమ్మనీ సొంత పేరు పెట్టి పిలిచింది. మా క్వార్టర్లలో అలా ఎవరూ పిలిచేవారు కాదు. అందరూ ఫలానావాళ్ళ అమ్మలు, లేకపోతే ఫలానా హవల్దారు భార్యలు. మా అమ్మ పేరు రెండుసార్లు పిలిచినా పలకలేదు. పక్కావిడ మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి, "ఓలమ్మా, నన్నేనేటి!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వరండాలోంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. (అమ్మకి కాక నాకెందుకు సిగ్గో అప్పుడు తెలియలేదు. అమ్మకి ఒక పేరుందని నేను కూడా మర్చిపోయానన్న సంగతి చాలా ఏళ్ళకి తట్టింది.)

ఆవిడ పద్ధతి ఇంకోటుంది. తను చెప్పిన హిందీ పాఠాన్ని ఇంటి దగ్గర అమ్మల చేత వల్లె వేయించే పూచీ పిల్లలది. అమ్మకి రాకపోతే నిలబెట్టేది పిల్లల్నే. దాంతో మా క్వార్టర్లలో లోకం తలకిందులైంది. పిల్లలు అమ్మల్ని తరుముతున్నారు, అమ్మలు తలనొప్పని ముసుగు తన్ని పడుకుంటున్నారు. పై అంతస్తు ఆంటీ అయితే చుట్టాలొచ్చారని అబద్ధమాడి, కొడుకు వెళ్ళి మంచం కింద కూడా వెతికి ఎవరూ లేరని ఋజువు చేస్తే దొరికిపోయింది. నేను తక్కువ తిన్నానా? దొడ్డి గుమ్మంలో స్కేలు పట్టుకుని కూర్చుని, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? శ్రద్ధ లేదు!" అని టీచరు నన్ను అనే మాటలన్నీ అమ్మ మీద ప్రయోగించేదాన్ని. "నాకు నువ్వు పుట్టినావా, నీకు నాను పుట్టినానా?" అని అమ్మ పప్పుగరిటె ఎత్తేది. ఒకరోజు ఏకంగా ఫిర్యాదే చేసింది. "ఈ గుంట నన్ను బతకనివ్వట్నేదు టీచరమ్మగారూ." టీచరు నా వైపు తిరిగి, గంభీరంగా, "మీ అమ్మకి నీ దగ్గర భయం ఉంది, చదువు లేదు. లోపం ఎక్కడుందో చూసుకో" అంది. లెక్కల్లో నన్ను అంత సూటిగా ఎవరూ తప్పు పట్టలేదు.

ఇవన్నీ ఆవిడకి ఎందుకు? జీతమా, పేరా? ఆవిడ ఉద్యోగమే నిలకడైంది కాదు. రెండు మూడేళ్ళకోసారి సుబేదారు గారికి ఊరు మారేది. ఆవిడ పర్మనెంటయ్యే లోపు సామాను లారీ ఎక్కేది. ఒక్కచోట ఉండి ఉంటే ఈపాటికి హెడ్మిస్ట్రెస్ అయ్యేదని అందరూ అనేవారు. "ప్రతి ఊళ్ళోనూ నేను కొత్త పంతులమ్మనే. వయసు పెరగదు, అదే లాభం" అని నవ్వేసేది. మధ్యలో ఎవరికి నొప్పులొచ్చినా మిలిటరీ ఆసుపత్రికి తోడు వెళ్ళేది ఆవిడే, డాక్టరు మాట తెలుగులో చెప్పి ధైర్యం ఇచ్చేది ఆవిడే. ఎప్పుడో ఒకసారి, అమ్మలందరూ సణుగుతుంటే అంది. "పెళ్ళయిన కొత్తల్లో మొదటి పోస్టింగు. డిగ్రీ ఉంది, లెక్కల్లో ఫస్టు. అయినా ఏడాదిపాటు ఆ ఊరిని కిటికీలోంచే చూశాను. ఆ కిటికీ నాకింకా కలలోకి వస్తుంటుంది తల్లీ." ఆ రోజు ఎవరూ తలనొప్పి అనలేదు.

వానలు తగ్గాక నాన్నకి బోర్డరు వైపు పోస్టింగొచ్చింది. కుటుంబం వెంట వెళ్ళే చోటు కాదు. క్వార్టరులోనే ఉండవచ్చు, కానీ అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న నేని ఊర్లో నానెలాగుంటానే? ఊరెల్లిపోదాం." నా బడి, నా స్నేహితులు, అన్నిటికన్నా ముఖ్యంగా అప్పుడప్పుడే నా మాట వింటున్న భిన్నాలు, అన్నీ పోతాయి. ఏడుస్తూ వెళ్ళి టీచరుకి చెప్పాను. ఆవిడ అమ్మతో వాదించలేదు. "వెళుదువుగానిలే. వెళ్ళేముందు పరీక్ష రాసి వెళ్ళు. వచ్చే ఆదివారం ఒక్కదానివే బస్సెక్కి ఆర్కేపురం మార్కెట్టుకెళ్ళి కుక్కరు గాస్కెట్టు కొనుక్కురావాలి. పాతది పట్టుకెళ్ళి చూపించడానికి వీల్లేదు. నోటితో అడిగి తేవాలి. తేలేకపోతే నేనే టికెట్లు కొనిస్తాను." టీచరమ్మగారి మాట కాదనలేక అమ్మ తలూపింది.

వారమంతా అమ్మ కుక్కరుకేసి చూస్తూ గొణుక్కుంటూనే ఉంది. "భయ్యా, పాంచ్ లీటర్‌వాలా." ఆదివారం పొద్దున్న మంచి చీర కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆసుపత్రికి బయలుదేరినట్టు బయలుదేరింది. నేనుండగలనా? అమ్మ తప్పిపోతుంది, ఊరెళ్ళిపోతాం, నా బతుకు ఆరిపోతుంది. చున్నీ ముసుగేసుకుని, డబ్బాలో దాచుకున్న చిల్లర గుప్పిట్లో పట్టుకుని, వెనకాలే వెళ్ళి అదే బస్సు వెనక గుమ్మంలోంచి ఎక్కేశాను. (ఇక్కడొక చిన్న విషయం. అమ్మకి బస్సు ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో వారంగా పాఠాలు చెప్పిన నేను జన్మలో సిటీ బస్సు ఎక్కలేదు. బడి బస్సు ఇంటి ముందు ఎక్కిస్తే బడి ముందు దింపేది.) ఆర్కేపురం రాగానే ముందు గుమ్మంలోంచి అమ్మ నెమ్మదిగా, పద్ధతిగా దిగడం చూశాను. నేను దిగుదామంటే నా ముందు మనుషుల గోడ. "ఉతర్నా హై, ఉతర్నా హై" అని స్వచ్ఛమైన హిందీలో అరిచాను. ఎవరూ కదల్లేదు. బస్సు కదిలింది.

తర్వాతెక్కడో మునిర్కా అనే స్టాపులో జనం తోస్తే బయటపడ్డాను. చిల్లర ఆ తోపులాటలోనే ఎక్కడో జారిపోయింది. అద్దె గదుల మేడలు, వేలాడే వైర్లు, ఏ సందు చూసినా ఒక్కలాగే ఉంది. హిందీ గడగడా వచ్చు కానీ ఏమని అడగాలో తెలియలేదు. బస్సు నంబరు తెలియదు. కంటోన్మెంటు అంటే ఏ గేటు అని ఒకాయన అడిగాడు, అదీ తెలియదు. సందులన్నీ గంటకి పైగా తిరిగి, మళ్ళీ స్టాపు దగ్గరికే వచ్చి, ఒక టెలిఫోను బూతు ముందు నిలబడి ఏడుపు మొదలుపెట్టాను. బూతాయన పెద్దమీసాల మనిషి. "అరే ఛోరీ, రోతీ క్యూఁ హై?" అని ఏడుపెందుకో అడిగితే, మా అమ్మ తప్పిపోకుండా కాపలా వచ్చానని చెప్పాను. ఆయన మీసాలు వణికాయి, నవ్వాపుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, టీచర్ గారిది. ఆయనే తిప్పి, మునిర్కా స్టాపుకి ఎదురుగా ఉన్న బూతని ఆవిడకి చెప్పి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు.

టీచరు వస్తుందని రోడ్డుకేసి చూస్తున్నాను. బస్సు దిగింది మా అమ్మ. మంచి చీర కుచ్చిళ్ళు చెదిరిపోయి, చెప్పులు లేకుండా, భుజానికి కొత్త కుక్కరు గాస్కెట్టు తగిలించుకుని, చెయ్యెత్తి ఒక ఆటోని ఆపి మరీ రోడ్డు దాటింది. గాస్కెట్టు చూపించడానికి టీచరింటికి వెళ్ళినప్పుడే నా ఫోనొచ్చిందట. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. బూతాయనకి రెండు చేతులూ జోడించి, "బహుత్ ధన్యవాద్, భాయ్‌సాబ్" అని పాఠంలో ఉన్నట్టు అప్పజెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, వీపు మీద ఒకటిచ్చి, వెంటనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు పాఠంలో లేదు.

తిరుగు బస్సులో అమ్మ నా ఊడిపోయిన జడ అల్లింది. తర్వాత అడిగింది. "ఎందుకొచ్చినావే?"

"నువ్వు తప్పిపోతావేమోనని."

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. బస్సులో అందరూ తిరిగి చూసేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓలే గుంటా! బాస రాక తప్పోతానని ఇన్నాళ్ళూ గడప దాటకుండా కూకున్నాను కదే. నీకు గడగడా వొచ్చు కదా, నువ్వెలాగ తప్పోయినావు?" ఆవిడ కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ తనలో తాను లెక్క తేల్చుకుంది. "అయితే తప్పోడానికీ బాసకీ ఏటీ సమ్మందం నేదన్నమాట. ఎవులైనా తప్పోతారు. మల్లీ దొరుకుతారు." మా స్టాపు దగ్గర పడుతుంటే, మామూలుగా, "మీ నాన్న ఫోన్ సేస్తే సెప్పీ. ఊరెల్లం. ఇక్కడే ఉంటాం" అంది. దిగేసరికి టీచరు గేటు దగ్గర నిలబడి ఉంది. గాస్కెట్టు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "సరైనదే" అంది.

ఆ తర్వాత నెలల తరబడి మా టీచరు తెలివి గురించి ఊరంతా చాటాను. తను రాకుండా కావాలనే అమ్మని పంపించిందనీ, అది రెండో పరీక్షనీ, అలాంటి ఆలోచన ఎవరికీ రాదనీ. మరుసటి వేసవిలో సుబేదారు గారికి మళ్ళీ ఊరు మారింది. నల్ల ట్రంకుపెట్టెలకి తాళ్ళు బిగిస్తుంటే నేను ముడి దగ్గర వేలు పెట్టి సాయం చేస్తూ ఆ మాటే అడిగాను. "ఆ రోజు మీరే పంపించారు కదా టీచర్, అమ్మని?"

ఆవిడ చేతిలో తాడు ఆగింది. "నేనా? అంత ధైర్యం నాకెక్కడిదే? నీ ఫోను విని 'మునిర్కా స్టాపా?' అని పైకి అన్నానంతే. తాళంచెవి వెతుక్కుని, చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి మీ అమ్మ లేదు. గేటు దాకా పరిగెత్తాను. అప్పటికే బస్సెక్కేసింది. ఇంక మీరిద్దరూ కనబడేదాకా ఆ గేటు దగ్గరే నిలబడ్డాను, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ." మళ్ళీ తాడు బిగించి, నాకు మొహం కనబడకుండా వంగి, "నేను పంపితే వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. పంపకుండా వెళ్ళింది మీ అమ్మ" అంది.

ఆవిడ ఇంకా ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పేర్లు పిలిచిందో నాకు తెలియదు. ఆవిడంటే నాకున్న ప్రేమ ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు, అది మాత్రం బాధగానే ఉంటుంది. నాన్న బోర్డరులో ఉన్నన్నాళ్ళూ అమ్మ ఆ క్వార్టరులో ఒక్కతే నన్ను పెంచింది, కొత్తగా వచ్చిన సిపాయిల భార్యల్ని చెయ్యి పట్టుకుని మార్కెట్టుకి తీసుకెళ్ళింది. నాకేమో అమ్మకి కాపలా కాయడానికి చున్నీ ముసుగేసుకుని బస్సెక్కిన ఆ రెండు జడల పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. అంత హిందీ, అంత స్కేలు, అంత పెత్తనం! అమ్మ చదువుకి ఆ పిల్ల నిజంగా చేసిన మేలు ఏదైనా ఉంటే ఒక్కటే. ఆ ఆదివారం తప్పిపోయింది.