కాజాలక్క

ఆ టైలరింగు షాపులో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. చొక్కాలకు కాజాలు కుట్టడం, గుండీలు వేయడం ఆమె పని. పంతొమ్మిదో ఏట వచ్చి కిటికీ పక్కన పీట మీద కూర్చుంది. యాభై నాలుగో ఏటా అక్కడే ఉంది. పీట మాత్రం రెండుసార్లు మారింది.

ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. చేరిన నాలుగేళ్ళకు షాపు నడిపే మాస్టరు కత్తెర తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎన్నాళ్ళమ్మా ఈ కాజాలు? కటింగు నేర్పుతా, రా."

"చూద్దాం మాస్టరుగారూ. ఈ పెళ్ళిళ్ళ సీజను కానివ్వండి."

సీజను అయిపోయింది. ఆమె అడగలేదు, ఆయనా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కుట్టు తప్పితే విప్పి కుట్టుకోవచ్చు, కోసేసిన గుడ్డను ఏం చేస్తాం? ఎవరి కొత్త గుడ్డో తన చేతిలో పాడైతే వాళ్ళ ముఖం ఎలా చూడటం?

మాస్టరు ఆ కత్తెర, అదే షాపులో పనికి చేరిన ఆమె చెల్లెలి చేతికిచ్చాడు. చెల్లెలు మొదటి నెలలోనే రెండు లాగులు తగలేసింది, కడుపునిండా చివాట్లు తింది, మర్నాడు మళ్ళీ కోసింది.

షాపుకు గుండీలు, దారాలు తెచ్చి అమ్మే ఆయన వారానికోసారి వచ్చేవాడు. అట్టకు పన్నెండు గుండీలైతే ఆమెకిచ్చే అట్టకు పదమూడుండేవి. షాపంతా ముసిముసిగా నవ్వుకునేది. ఒకనాడు ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మీ నాన్నగారితో మాట్లాడమంటారా?"

"కాస్త ఆలోచించుకోనివ్వండి."

ఆలోచించింది. ఊళ్ళు తిరిగే మనిషి, ఏ బస్సో బోల్తాపడితే? అత్తగారు గయ్యాళిదైతే? అలా రెండేళ్ళు ఆలోచించింది. మూడో ఏడు ఆయన పెళ్ళిచొక్కా ఆమె ఒళ్ళోకే వచ్చింది. ఏడు కాజాలు, అన్నీ ఒకే కొలతలో కుట్టింది. ఇంటికెళ్ళి అన్నం తింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

మాస్టరు పోయాక షాపు చెల్లెలు తీసుకుంది. నిరుడు కాజాల మిషను కొంది.

"అక్కా, ఇకనుంచి నువ్వు కొలతలు తీసుకో. వచ్చినవాళ్ళతో మాట్లాడు."

"కొత్తవాళ్ళతో నాకు మాటలు రావే."

"ముప్పై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళు కొత్తవాళ్ళా?"

చెల్లెలు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు మాస్టరు మొదట నిన్నే కదా అడిగింది. ఎందుకు రానన్నావు?"

"రానని అనలేదే. చూద్దామన్నాను."

చెల్లెలు లేచి మిషను వేసింది. మిషను టకటకా కాజాలు కొట్టి పడేస్తోంది. ఆమె చొక్కాలు ఒక్కొక్కటే తీసుకుని, మిగిలిన దారపు కొసలు తుంచి, మడత పెట్టి పక్కన పెడుతూ కూర్చుంది.