తెల్లగోడల హోటల్

నా చిన్నప్పుడు మా బాపుకు తెలుపు పిచ్చి పట్టింది. మహారాష్ట్రలో సాస్తి దగ్గర బొగ్గు గనిలో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుని, నౌకరీ వదిలేసి, గనికి పోయే రోడ్డు పక్కనే హోటల్ పెట్టాడు. గోడలకు తెల్లసున్నం, బల్లల మీద తెల్ల రెక్సిన్, ఒంటి మీద తెల్ల లాల్చీ. నలుపన్నది కంటికి కనబడకూడదని ఆయన పంతం. హోటల్ నడవకపోతే మళ్లీ కాంట్రాక్టరు కింద ఆ దుమ్ములోకే దిగాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు.

హోటల్ నడవలేదు. షిఫ్టు విడిచి గుంపులుగా వచ్చే మన తెలుగువాళ్లే మా గుమ్మం దాటిపోయి, అవతల టార్పాలిన్ పందిట్లో నిలబడి చాయ్ తాగేవారు. అదేం చాయ్! ఉత్త వేడినీళ్లు. బాపు రగిలిపోయేవాడు. రేటు తగ్గించాడు, రేడియో పెట్టాడు, చంద్రపూర్ నుంచి పెయింటర్‌ను పిలిపించి పెద్ద బోర్డు రాయించాడు. ఎవరూ రాలేదు. ఆ కోపమంతా ఇంట్లో మా మీద తీర్చుకునేవాడు. కంచం చప్పుడైనా కసిరేవాడు.

అప్పుడు విరూర్ నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క, నోరున్న మనిషి. "చాయ్ గింత మంచిగున్నది, మరి ఏంది తమ్మీ నీ బాధ?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. షిఫ్టు విడిచారు. ఒకతను గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి చూశాడు, తన నల్లటి చేతులు చూసుకున్నాడు, ప్యాంటుకు తుడుచుకున్నాడు, వెనక్కి తిరిగాడు. వెనకాల వచ్చినతనూ అంతే.

"చూసినవా అక్కా, పొగరు! మనోడు పైకొస్తే ఓర్వరు" అన్నాడు బాపు గల్లా దగ్గర్నుంచి.

అత్త లేచింది. పొయ్యి పక్కన బస్తాలోని బొగ్గుపొడిలో అరచెయ్యి అద్ది, గుమ్మం పక్క తెల్లగోడ మీద ఫట్‌మని కొట్టింది. ఐదు వేళ్లూ నల్లగా పడ్డాయి. "పిచ్చి లేసిందా నీకు!" అంటూ బాపు ఒక్క దూకు దూకాడు. అత్త ఆయన వైపు తిరగనైనా లేదు. రోడ్డు మీద పోయేవాళ్లను కేకేసింది. "రాండ్రి బిడ్డా, గోడ నేనే ఖరాబు చేసిన. ఇగ మీకేం భయం!"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుతోనే ఒకతను లోపలికి వచ్చాడు, అతని వెనకే మిగతావాళ్లు. ఆ బట్టలతోనే తెల్ల రెక్సిన్ ముందు కూర్చున్నారు. బాపు వాళ్ల చేతుల వంక చూశాడు. "నేను గూడ గట్లనే ఇంటికొస్తుంటి గదా అక్కా" అన్నాడు మెల్లగా. మర్నాడు గుమ్మం బయట నీళ్ల డ్రమ్మూ సబ్బూ పెట్టాడు. మళ్లీ గనిలో దిగాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

ఇప్పుడు నా మనవడు చంద్రపూర్‌లో జొన్నరొట్టెల హోటల్ తెరిచాడు. అద్దాల తలుపు, ఏసీ, లోపల మెరిసే కుర్చీలు. వ్యాపారం పెంచడం ఎలాగో ఫోన్‌లో క్లాసులు వింటాడు. గిరాకీ ఏదిరా అని ఈ అవ్వ అడిగితే, "ఆజీ, నీకు సమజ్ కాదు. యాడ్ పెంచాలె, రీచ్ వస్తది" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. తల వంచుకుని ఆ ఫోన్‌లో ఎంతమంది చూశారో వెతుక్కునే బదులు, తల ఎత్తి ఒక్కసారి బయటికి చూడొచ్చు కదా! ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే.

ఏ దుకాణానికి పోయినా నా కళ్లు ముందు గుమ్మం దగ్గర తటపటాయించే మనిషినే వెతుకుతాయి. నిన్న మనవడి హోటల్లో కూర్చుని ఉంటే ఒక ఆటో డ్రైవరు అద్దం దాకా వచ్చి, తన చెప్పుల వంక చూసుకుని ఆగిపోయాడు. నేనే లేచి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను. ఏసీ చల్లదనమంతా పోతోందని లోపల్నుంచి మనవడు అరిచాడు. పోనీ అన్నాను. ఆ డ్రైవరు వచ్చి కూర్చుని రొట్టె చెప్పేదాకా తలుపు వదల్లేదు.