టీ నీళ్ళలో తడిసిన పక్షులు

గల్ఫులో, మనామా నగరపు జింజ్ పేటలోని ఆ బిల్డింగులో సాలెహా ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చినవాళ్ళు తెల్లబోయేవాళ్ళు. పొయ్యి మీద పాలూ చక్కెరా లేని చాయ్ గిన్నెడు మరుగుతుండేది. వంటగదిలో కట్టిన తాడు మీద, ఆమె భర్త ఖుర్రం బనియన్ల పక్కనే, కొంగలూ గద్దలూ క్లిప్పులకు వేలాడుతూ ఆరుతుండేవి. కింది గదిలో ఉండే నరసాయమ్మ ఒకసారి ఉప్పు కోసం వచ్చింది. పళ్ళెంలో చల్లారుతున్న చాయ్ చూసి, ఇంత కాచుకుని నాకు ఒక కప్పు పొయ్యలేదేమని నొచ్చుకుని, సాలెహా అటు తిరగ్గానే ఒక గరిటెడు తాగేసింది.

"ఇదేం టీయే తల్లీ! కషాయంలా ఉంది!"

అందులో అప్పటికే నాలుగు పక్షులు స్నానం చేసి వెళ్ళాయని ఉమ్మేశాక గానీ తెలియలేదు పాపం. భీమవరం మనిషి, టీ విషయంలో మోసపోవడం అదే మొదటిసారి.

సాలెహా పని అదే. కొత్త కాగితాన్ని ముసలిదాన్ని చెయ్యడం.

మనామాలో ఫ్రేముల దుకాణం నడిపే హైదరాబాదీ బాఖర్ భాయ్ దగ్గర అసలు సిసలు పాత పక్షుల పుస్తకం ఒకటుంది. సగం పుటలు ఊడిపోయినా అట్ట మీద కెప్టెన్ ప్లమ్‌రిడ్జ్ అని దొర పేరు మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది. "కెప్టెన్ దొర కాల్చిండు, దొరసాని గీసింది, లండన్‌ల ఒక రూమునిండా ఆడపిల్లలు కూసోని ఒకరు రెక్కకు, ఒకరు ముక్కుకు రంగులేసిండ్రు. పేరు మాత్రం దొరదొక్కటే" అని బాఖర్ భాయ్ వచ్చినవాళ్ళందరికీ కథ చెప్పేవాడు. ఆ పుస్తకంలోని గీతల్ని లేజరు ప్రింటు తీసి పంపితే సాలెహా వాటిని చాయ్‌లో ముంచి, ఆరబెట్టి, అంచుల్లో కాఫీ చుక్కలు అద్ది, రంగులు వేసేది. చివరగా కంట్లో జిగురు చుక్క పెట్టేది. అప్పుడు పిట్ట మనల్నే చూస్తున్నట్టుండేది.

బాఖర్ భాయ్ అబద్ధం ఆడేవాడు కాదు. అది ఆయన నియమం. ఎవరైనా "ఇవి పాతవేనా?" అని అడిగితే అద్దాల పెట్టెలోని పుస్తకం వైపు చూసి నిట్టూర్చేవాడు. జనం ఆ నిట్టూర్పును కొనుక్కుపోయేవారు.

ఇక సాలెహా బతుకులో ఇబ్బందల్లా ఒక్కటే. "నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి లేదు. నిర్మల్‌లో ఉన్నప్పుడు అలా కాదు. తండ్రి కొయ్యబొమ్మలకు రంగులు వేసేవాడు. కళ్ళు పెట్టే పని చిన్నప్పటి నుంచీ సాలెహాదే. వీధిలో పోతుంటే "ఆ పిల్లనే కండ్లు పెట్టేది" అని చూపించేవారు. పెళ్ళయి, ఖుర్రం బాఖర్ భాయ్ దగ్గర డ్రైవరుగా చేరి ఆమెను ఇక్కడికి తెచ్చాక అలా వేలు చూపించేవాళ్ళు లేరు. నోరారా చెప్పుకోగలిగే పని ఒకటి కావాలని ఆమెకు లోలోపల కోరిక. బయటికి అంటే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

నరసాయమ్మ తను ఆయాగా చేసే బడి నుంచి ఒకనాడు ఆ కబురు మోసుకొచ్చింది.

"అమ్మాయ్, మా బళ్ళో డ్రాయింగు టీచరు మానేసిందంట. పిన్సిపాలమ్మ మన వైజాగావిడే. నువ్వెళ్ళి కనపడరాదూ? ఆ కొంగల్ని పట్టుకుని ఎన్నాళ్ళు ఏలాడతావు?"

మొగుడూ పెళ్ళామూ మామూలుగా ఉర్దూలో మాట్లాడుకునేవారు. భయమేసినప్పుడు మాత్రం ఖుర్రం నిర్మల్ తెలుగులోకి దిగేవాడు. "పో. ఎవరు వద్దన్నరు. కానీ దుకాణం మాట తియ్యకు. నా వీసా బాఖర్ భాయ్ చేతుల ఉన్నది, యాదుంచుకో" అన్నాడు.

సాలెహా ఇస్త్రీ చేసిన సల్వార్ వేసుకుని వెళ్ళింది. ప్రిన్సిపల్ మేడమ్ గదిలో కూర్చుని, తలెత్తి, గోడ మీద చూసింది.

అక్కడ తన పాలపిట్ట ఉంది.

కింద ఇత్తడి రేకు మీద కెప్టెన్ ప్లమ్‌రిడ్జ్ అని చెక్కి ఉంది. అయినా తనదేనని ఆమెకు క్షణంలో తెలిసిపోయింది. కారణం, అందులో ఒక తప్పుంది. దొర పుస్తకంలోని పిట్ట మన పాలపిట్టకు దాయాది. దానికి తలా ఛాతీ అన్నీ నీలమే. ఆ రోజు బాఖర్ భాయ్ గీతలు మాత్రమే పంపాడు, రంగుల నమూనా పంపలేదు. పాలపిట్ట ఎలా ఉంటుందో తనకు ఒకరు చెప్పాలా? దసరానాడు పక్కింటి వాళ్ళు పాలపిట్టను చూడ్డానికి చేల వెంట పోతుంటే చిన్న సాలెహా కూడా వెంటపడి పోయేది. ఆ గుర్తుతోనే ఛాతీకి వక్కపొడి రంగులో కాస్త గులాబీ కలిపి వేసేసింది. తప్పని తరవాత తెలిసి నాలుక కరుచుకుంది. అప్పటికే అది అమ్ముడుపోయింది.

మేడమ్ ఆమె చూపును గమనించి సంతోషించింది. "మీకూ నచ్చిందా? రెండొందల ఏళ్ళ నాటిది. ఆ ఛాతీ రంగు చూడండి. పక్షిని చేతిలో పట్టుకుని చూసినవాడు తప్ప ఇంకొకడు వెయ్యలేడు. ఆ మహానుభావులు బురదల్లో, ఎండల్లో ఎంత కష్టపడి ఉంటారో!"

"అవును మేడమ్" అంది సాలెహా. బురద సంగతి తెలియదు గానీ, ఆ రోజు వంటగదిలో ఏసీ పాడైన మాట నిజం.

"సరే, పరీక్ష అనుకోకండి. దాన్ని చూసి ఒకటి వెయ్యండి, మీ చెయ్యి చూద్దాం" అని మేడమ్ పిల్లల రంగుల డబ్బా ముందు పెట్టింది.

సాలెహా వేసింది. తన పిట్టను తానే చూసి, చూసి, వేసింది. ఆ డబ్బాలో మంచి రంగులు లేవు, చేతిలో ధైర్యం లేదు. మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్నీ గోడనూ మార్చి మార్చి చూసింది.

"నీటుగా ఉందమ్మా. కానీ అందులో ప్రాణం ఉంది. ఇందులో ఓపిక ఉంది. నకలు నకలేగా."

ఎన్నేళ్ళుగానో మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. దుకాణం, వీసా, ఖుర్రం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గుర్తొచ్చాక కూడా తెరుచుకునే ఉంది.

"అది నేనే ఏసిన మేడమ్. గోడ మీదిది. జింజ్‌ల మా ఇంట్ల ఏసిన. ఫ్రేము ఇప్పి చూడుండ్రి, కొత్త కాయిదమే."

మేడమ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఫ్రేము విప్పితే గాలి తగిలి పాడవుతుందని బాఖర్ గారు మరీ మరీ చెప్పారమ్మా" అని మెల్లగా అని, అక్కడే ఫోన్ తీసి, ఆయన నంబరు కలిపి, స్పీకరు పెట్టింది. విషయం అంతా చెప్పింది.

అటువైపు బాఖర్ భాయ్ గొంతు తేనెలా జారింది. "సాలెహానా? మా డ్రైవర్ బీవీ మేడమ్. ఫ్రేములు తుడుస్తది. మంచి పిల్లనే... బిచారీ, పాపం." ఆ తరవాత ఒక నిట్టూర్పు.

ఆ నిట్టూర్పు ఎలాంటిదో సాలెహాకు తెలుసు. జీవితంలో మొదటిసారి దాన్ని తన మీద విన్నది.

మేడమ్ ఫోన్ పెట్టేసి ఆమె చెయ్యి తట్టింది. "నేనెవరితోనూ అనను. అవసరం మనిషి చేత ఏవేవో అనిపిస్తుంది. నర్సరీలో ఆయా పని ఒకటి ఖాళీగా ఉంది, కావాలంటే..."

ఎవరితోనూ అననన్న మాట ఎంతమందిని దాటిందో గానీ, మధ్యాహ్నానికి నరసాయమ్మ దాకా వచ్చింది. ఆవిడ బిల్డింగు మెట్ల మీద సాలెహాను ఆపింది.

"పిన్సిపాలమ్మ నీ గురించి ఎంత జాలిపడిందే! పాపం పిల్ల మతి చలించిందేమో అంది."

"నువ్వు చెప్పలేదా అక్కా? తాడు మీద నువ్వు చూసినవు గదా. ఆ చాయ్ తాగినవు గదా!"

"నన్నడిగితే చెప్పేదాన్నే" అంది నరసాయమ్మ, తల దించుకుని. "చీపురు పట్టుకున్నదాన్ని ఎవరడుగుతారే?"

సాయంత్రం ఖుర్రం కొత్త ప్రింట్ల కట్టతో వచ్చాడు. బాఖర్ భాయ్ ఏమీ కోపంగా లేడట. పైగా మేడమ్ స్నేహితులకు పాలపిట్టలు కావాలట. అదే ఛాతీ రంగుతో.

సాలెహా కట్ట విప్పలేదు. "ఫోన్ వచ్చినప్పుడు నువ్వు యాడున్నవ్?"

ఖుర్రం బూట్లు విప్పుకోవడంలో చాలా శ్రద్ధ చూపించాడు.

"అడుగుతున్న. యాడున్నవ్?"

"దుకాణంలనే."

"విన్నవా?"

"సామాన్ ఎత్తుతున్న... విన్న."

"ఏమన్నవ్?"

"ఏమంట? భాయ్ యల్లా, నడువు, బండి తియ్యి అన్నడు. తీసిన." బూట్లు పక్కన పెట్టి, "నువ్వెందుకు నోరు తెరిచినవ్? చెప్పిన గదా ముందే" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే ఆమెకు మింగుడు పడలేదు.

అన్నం పెట్టింది. అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది. తరవాత కట్టను అతని ఒడిలో పెట్టింది.

"తిరిగిచ్చెయ్. చెయ్యి నొస్తుందని చెప్పు."

"ఎన్ని దినాలని చెప్పాలె?"

ఆమె కంచం తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. అతను కట్టను మర్నాడు తీసుకుపోయాడు. వీసాకు ఏమీ కాలేదు. బాఖర్ భాయ్ అలాంటి మనిషి కాడు. చెయ్యి ఎలా ఉందని కూడా అడిగాడట.

కొన్నాళ్ళకు ఖుర్రం ముద్ద కలుపుకుంటూ, ఏదో వాతావరణం సంగతిలా అన్నాడు. "పిట్టలు ఇప్పుడు ఆ హిద్ ఊర్ల ఎవరో పిల్లగాడు ఏస్తున్నడు. మంచిగనే ఏస్తున్నడంట. అన్నీ పోతున్నయి."

సాలెహా పప్పు వడ్డించబోతూ ఆగింది. "పాలపిట్ట కూడనా?"

"ఆ."

"ఛాతీకి ఏం రంగు ఏసిండు?"

ఖుర్రం నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆ ఫ్రేములన్నీ అతనే బండిలోకి ఎత్తాడు, అతనే ఇళ్ళలో దించాడు.

"ఏమో సాలెహా. నాకేం ఎరుక? పిట్ట పిట్ట లెక్కనే ఉన్నది."